కాకి ముట్టని ముద్ద

"నన్ను నేను మరిచిపోయే ఉపాయం చెప్పండి భంతే," అన్నాడు చెన్నుడు. "నా పేరు, నా ఊరు, నేను చేసిన పని, అన్నీ పోవాలి. ఇక నేను అనేవాడు ఉండకూడదు."

భద్రసేన భిక్షువు విహారం మెట్ల మీద కూర్చుని మడమలో దిగిన తుమ్మముల్లు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఉండకూడదా?"

"ఉండకూడదు. నన్ను భిక్షువుగా చేర్చుకోండి."

ముల్లు ఊడి వచ్చింది. దాన్ని ఎండలో పెట్టి చూసుకుని, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా రాతి సందులోకి తోశాడు ముసలాయన.

"అయితే ముందు చీవరం కుట్టుకో," అన్నాడు.

చీవరమంటే భిక్షువు ఒంటి మీద కప్పుకునే బట్ట. ఆ కాలంలో, కృష్ణ ఒడ్డున ఆ కొండ మీది విహారంలో, దానికొక కట్టడి ఉండేది. కొత్త బట్ట పనికిరాదు. ఒకరిని అడిగి తెచ్చుకున్నదీ పనికిరాదు. పోయినవాళ్ల ఒంటి మీద నుంచి తీసి శ్మశానంలో పారేసిన గుడ్డలు పదిహేను, ఎవరికి వారే ఏరి తెచ్చుకోవాలి. ఉతకాలి, చిరుగులు కుట్టాలి, చండ్రచెక్క కషాయంలో ముంచి రంగు పట్టించాలి. ఆపైన పదిహేనింటినీ పొలం మడుల్లాగా పక్కపక్కన పేర్చి ఒక్కటిగా కలపాలి. కొందరికి ఇదంతా అయ్యేసరికి మూడు నెలలు పట్టేది. కొందరు సగంలోనే భయపడో, విసిగిపోయో ఇంటిదారి పట్టేవాళ్లు. వాళ్లను భద్రసేనుడు ఒక్క మాట అనేవాడు కాదు. దారిలో తినడానికి ఇన్ని అటుకులు మూటకట్టి ఇచ్చి పంపేవాడు.

చెన్నుడు వెళ్లిపోయే రకం కాదు. వెళ్లడానికి వాడికి చోటు లేదు.

వాడు పడవవాడు. కొండకు ఆమడ దూరాన, ఏటి దిగువన రేవుపల్లె వాడి ఊరు. ఎనిమిది మంది ఎక్కవలసిన పడవలో తిరునాళ్లనాడు పదమూడు మందిని ఎక్కించాడు. పైనుంచి వరద దిగుతోందిరా అని ముసలి జాలరి ఒకడు ఒడ్డు మీంచి కేకవేశాడు. "ఈ ఏరు నాకు పెరటికాలువ తాతా!" అని చెన్నుడు నవ్వాడు. నడి ఏట్లో పడవ తిరగబడింది. ఆరుగురు పోయారు. అందులో వాడి భార్య కొమ్మ ఒకతె. నీళ్ల అడుగున వాడికి ఒక చెయ్యి దొరికింది. పట్టుకున్నాడు. జారిపోయింది. అది ఎవరి చెయ్యో వాడికి తెలియదు.

వాడు మాత్రం దిగువన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. లేచి, ఊరివైపు కాకుండా కొండవైపు నడిచాడు.

వచ్చింది మొదలు విహారంలో ఊడుస్తాడు, నీళ్లు మోస్తాడు. భోజనం వేళ మాత్రం మూడు ముద్దలు తిని లేస్తాడు. మిగిలింది తీసుకెళ్లి ఏట్లో చేపలకు వేస్తాడు. పక్కటెముకలు దూరం నుంచే కనిపించేవి. ఇలాగైతే ఈ చలికాలం గట్టెక్కడని వంటశాలలో అనుకునేవాళ్లు. భద్రసేనుడు విని ఊరుకునేవాడు.

గుడ్డలు ఏరడానికి మిట్టమధ్యాహ్నమే వెళ్లాలి. పొద్దునా సాయంత్రమూ కాట్లో శవం తాలూకు మనుషులుంటారు, వాళ్ల దుఃఖానికి అడ్డం పోకూడదు. మధ్యాహ్నం ఎవరూ ఉండరు. ఎందుకుండరంటే, ఆ వేళ తిరిగేవాళ్లు వేరే ఉన్నారని మనవాళ్ల నమ్మకం. నడినెత్తిన సూర్యుడు, మనిషి నీడ మనిషి కాళ్ల కిందే దాక్కునే సమయం. ఎదురొచ్చినవాడికి నీడ ఉందో లేదో చెప్పలేం.

చెన్నుడు ఒక్కడే కొండ దిగి వెళ్లేవాడు. ఆకు కదిలేది కాదు. నిన్నటి చితి బూడిదలో ఒక్కోసారి ఏదో చిటిల్లేది. ఒకటి రెండుసార్లు ఎవరో వెనక నుంచి తడిచేత్తో భుజం తాకినట్టయింది. వాడు తిరిగి చూడలేదు, పరుగెత్తనూ లేదు. "ఎవరివో చెబితే వస్తాను," అని మెల్లగా అన్నాడు. జవాబు రాలేదు.

ఏరి తెచ్చిన గుడ్డల్ని మాత్రం వాడు ఉతికే తీరు చూడాలి. ఒక చంటిబిడ్డ పొత్తిగుడ్డ దొరికింది, అంచున కాటుక మరక. దాన్ని బండకేసి బాదలేదు. కుంకుడు నురుగులో వేసి, అరచేతుల మధ్య పెట్టి, బిడ్డకు ఒళ్లు రుద్దినట్టు రుద్దాడు. ఒక ముసలమ్మ దుప్పటి ముక్క దొరికింది. కొరత వేసిన దొంగ పంచె చింపు ఒకటి దొరికింది, దాన్నిండా నెత్తురు. నెత్తురు మరక వేడినీళ్లు పోస్తే బిగుసుకుంటుంది, చన్నీళ్లలో ఓపిగ్గా నానబెట్టాలి. చెన్నుడు మూడు రోజులు నానబెట్టాడు.

"దొంగది కదా, దీనికింత సేవ ఎందుకయ్యా?" అని వంటాయన ఎగతాళి చేశాడు.

"ఏ ఆకలికి దొంగిలించాడో పాపం," అన్నాడు చెన్నుడు.

అలా పద్నాలుగు అయ్యాయి. తర్వాత పదిరోజులు కొండకింద ఊళ్లో ఎవరూ పోలేదు. చెన్నుడు వట్టిచేతులతో తిరిగొచ్చి, వట్టిచేతులతో నిలబడ్డాడు.

"దిగువ కాటికి వెళ్లు," అన్నాడు భద్రసేనుడు.

"దిగువ అంటే?"

"రేవుపల్లె కాటికి."

"ఇంకెక్కడికైనా పంపండి భంతే. ఎంత దూరమైనా పోతాను."

"పదిహేనోది అక్కడుంది," అన్నాడు ముసలాయన. ఎలా తెలుసో చెప్పలేదు.

మర్నాడు చెన్నుడు ముఖానికి గుడ్డ చుట్టుకుని, జనం తిరగని ఏటి గట్టు వెంబడి నడిచి, సరిగ్గా సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి రేవుపల్లె కాట్లో అడుగుపెట్టాడు. మధ్యలో పెద్ద తుమ్మచెట్టు. దాని నిండా కాకులు. ఒక్కటీ అరవడం లేదు. చెట్టు కింద కాటికాపరి మాచన్న చుట్ట కాల్చుకుంటున్నాడు. చూశాడు. చుట్ట జారి ఒళ్లో పడింది. దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఆగు. అక్కడే ఆగు."

"మాచన్నా, నేను..."

"మాట్లాడకు! పంచె పైకెత్తి ముందు కాళ్లు చూపించు."

చెన్నుడు పంచె ఎత్తాడు. మాచన్న నాలుగు కాళ్ల మీద దగ్గరికి పాకి, పాదాలు ముందుకు ఉన్నాయా వెనక్కు ఉన్నాయా అని కుడిదీ ఎడమదీ విడివిడిగా పరీక్ష చేశాడు.

"ముందుకే ఉన్నాయి," అని తనలో తను అనుకున్నాడు. "అయినా నమ్మకూడదు. ఓరి చెన్నా, నిన్ను నేనే కదరా కాల్చాను!"

"నన్నా?"

"నిన్నే. ఒళ్లు దొరకలేదని దర్భలతో బొమ్మ చేసి తెచ్చారు. దాని మీద నీ ఉత్తరీయం కప్పారు. మీ మేనమామ తలకొరివి పెట్టాడు. ఇంతెత్తు మనిషివా, పిడికెడు నిప్పుకి బుస్సుమని అయిపోయావు. ఇన్నేళ్లలో నా చేతుల మీద అంత సుళువుగా పోయినవాడు లేడనుకో."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తను ఎప్పుడో ఒకనాడు ఇక్కడికి రావలసినవాడేనని చెన్నుడికి తెలుసు. వచ్చి వెళ్లిపోయానని మాత్రం తెలియదు.

"ఆ ఉత్తరీయం?" అన్నాడు.

"నిప్పు పెట్టే ముందు తీసి నాకిచ్చారు, ఆనవాయితీ. కట్టుకుందామంటే మా ఇంటిది పడనిస్తేనా? కాకి ముట్టనివాడి బట్ట గుమ్మం దాటనివ్వనంది. అదుగో, చెట్టు తొర్రలో పెట్టాను."

"కాకి ముట్టలేదా?"

మాచన్న పైకి చూశాడు. కాకులు కిందికి చూస్తున్నాయి.

"పదోరోజున పిండం పెట్టారు. ఇవన్నీ ఇలాగే కూర్చున్నాయి, ఒక్కటి దిగలేదు. తీరని కోరిక ఏదో ఉండిపోయిందన్నారు. ఆ కోరిక ఏదో పట్టుకుని చెబితే కాకి దిగుతుంది కదా. మీ అమ్మ చెప్పని మాట లేదురా! పడవ బాగు చేయిస్తానంది. కొమ్మ వాళ్లమ్మకు చీర పెడతానంది. పొద్దు వాలేదాకా చెప్పి చెప్పి గొంతు పోయింది. అందరూ వెళ్లిపోయారు. అప్పటినుంచి అమావాస్య అమావాస్యకీ ఈ వేళకే వస్తుంది. ఉప్పులేని ముద్ద ఒకటి పెట్టి, అటు తిరిగి నిలబడుతుంది. వెనక్కి చూడకూడదుగా. మూడు అమావాస్యలు దాటాయి."

"ఊళ్లో నన్ను ఏమనుకుంటున్నారు?"

"తిడుతున్నారు. తిట్టరా మరి?"

చెన్నుడు తలూపాడు. ఆ మాట వాడికి కొంచెం ఊరటగా కూడా ఉంది. తొర్రలో చెయ్యిపెట్టి బట్ట తీసుకున్నాడు. "నేను వచ్చానని ఎవరికీ చెప్పకు."

"చెబితే నమ్మేదెవరు? కాల్చింది నేనేనాయె!"

విహారానికి వస్తూనే చెన్నుడు ఏటి బండ దగ్గరికి వెళ్లాడు. కుంకుడు తీసుకోలేదు. నానబెట్టలేదు. ఆ బట్టను తాడులా మెలిపెట్టి, తల మీదికెత్తి బండకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఊపిరి అందనప్పుడు ఆగి, అందగానే కొట్టాడు. బట్ట మధ్యకి చీలింది. అప్పుడు గాని వెనక ఎవరో ఉన్నారని వాడు గమనించలేదు.

"ఎవరిది అది?" అన్నాడు భద్రసేనుడు.

"ఒక హంతకుడిది."

"ఎరుగుదువా అతన్ని?"

"ఎరుగుదును. పొగరుబోతు. చెబితే వినడు. ఆరుగుర్ని ముంచి తను ఈదుకుంటూ వచ్చాడు."

"తప్పు చేశాడు," అని ఒప్పుకున్నాడు ముసలాయన.

కాదనలేదు, ఓదార్చలేదు. బండ దిగి మోకాలిలోతు నీళ్లలో నిలబడి, చెయ్యి చాపాడు. చెన్నుడు బట్ట ఇచ్చాడు. ముసలాయన దాన్ని నీళ్లలో పరిచాడు. మడతలు ఒక్కొక్కటే విప్పాడు. వంకరపోయిన వేళ్లతో అంచు నుంచి మొదలుపెట్టి రుద్దుతూ, వంగి, ఆ బట్టతోనే మాట్లాడాడు.

"నీళ్లు చల్లగా ఉన్నాయా నాయనా?"

చెన్నుడు చుట్టూ చూశాడు. ఆ మాట అడిగిన తీరు అలా ఉంది. ఎదుట మనిషి ఉన్నట్టే. ఆ తర్వాత ముసలాయన ఒక్క క్షణం చెవి ఒగ్గి ఆగాడు, జవాబు వింటున్నట్టు.

"చల్లగా ఉన్నాయట," అన్నాడు చెన్నుడివైపు తిరిగి.

"భంతే, వాడు మురికి మనిషి. మీ చేతులతో..."

"మురికి ఉంది గనకే కదా ఉతుకుతున్నాం."

పోతూ పోతూ ముసలాయన తడిబట్టను వాడి చేతుల్లో పెట్టి అన్నాడు: "దొంగ బట్టని మూడు రోజులు నానబెట్టావని వంటాయన చెప్పాడు."



ఆ రోజు చెన్నుడు ఆ బట్టను చన్నీళ్లలో వేశాడు. మూడు రోజులు ఉంచాడు. తర్వాత సూదీ దారమూ తీసుకుని చీలిక కుట్టడానికి కూర్చున్నాడు. అంచు తిప్పినప్పుడు అమ్మ కుట్టు కనిపించింది. చూపు ఆనక ఒక కుట్టు పొడుగూ ఒకటి పొట్టీ. మరో మూల నాలుగు వేళ్ల పసుపు గుర్తులు. కొమ్మ వంటింట్లోంచి వచ్చి చేతులు ఎప్పుడూ దానికే తుడిచేది, వాడు కసిరేవాడు. ఎన్ని నీళ్లకూ ఆ నాలుగు వేళ్లూ పోలేదు. వాడు వాటి మీద తన వేళ్లు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. ఈసారి ఆ చెయ్యి జారిపోలేదు.

చీలిక పొడుగైనది. కుడుతూ కుడుతూ, ఎవరూ లేరని చూసుకుని, ఒకసారి వాడూ అడిగాడు: "సూది గుచ్చుకుంటోందా?"

తన గొంతు తనకే కొత్తగా వినిపించి సూది కింద పెట్టేశాడు.

అమావాస్య ముందురోజు కషాయం కాచారు. పదిహేను గుడ్డలూ కుండలో వేసి, తెల్లవార్లూ ఉంచి, పొద్దున తీశారు. పద్నాలుగు గుడ్డలు ఇటుకరంగులో వచ్చాయి. చంటిబిడ్డదీ, ముసలమ్మదీ, దొంగదీ ఇక ఏది ఎవరిదో చెప్పలేం. పదిహేనోది తెల్లగా వచ్చింది.

చెన్నుడు మళ్లీ ముంచాడు. కర్రతో అదిమిపెట్టి నూరు అంకెలు లెక్కపెట్టి తీశాడు. తెల్లగానే ఉంది. మూడోసారి మోచేతుల దాకా కషాయంలో పెట్టి పిసికాడు. వాడి చేతులు ఎర్రబడ్డాయి, బట్ట ఎర్రబడలేదు. వంటాయన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

చెన్నుడు దాన్ని పట్టుకుని గురువు దగ్గరికి పరుగెత్తాడు. "భంతే, దీనికి రంగు పట్టడం లేదు!"

భద్రసేనుడు చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"చీవరానికి చచ్చినవాళ్ల గుడ్డలే పనికొస్తాయి," అన్నాడు.

ఆ తెల్లబట్ట నీళ్లు పిండి, దులిపి, చెన్నుడి భుజాల మీద తనే కప్పాడు. కప్పి, చలికి పిల్లవాడికి చుట్టినట్టు మెడ దగ్గర సర్దాడు.

"ఇవాళ అమావాస్య. నడు. మధ్యాహ్నానికి చేరతావు."

చెన్నుడు కదలలేదు. వెళ్లిపోయేవాళ్లందరికీ కట్టి ఇచ్చే అటుకుల మూట కోసం వాడి కళ్లు తెలియకుండానే ముసలాయన చేతులవైపు వెళ్లాయి. అవి ఖాళీగా ఉన్నాయి.

"నీకు అటుకులు కట్టను," అన్నాడు భద్రసేనుడు. "నీ ముద్ద అక్కడుంది. నాలుగు నెలల్నించీ చల్లారిపోతోంది."

రేవుపల్లె కాట్లో ఆ మధ్యాహ్నం గాలి లేదు. చెట్టు మీద కాకులు పోయినసారి ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి. చెన్నుడు చెట్టు మానుకు ఇవతల నిలబడ్డాడు.

అమ్మ వచ్చింది. నాలుగు నెలల్లో ఇంత చిన్నదైపోయిందేమిటి? మోదుగాకు విస్తరి పరిచి, ముద్ద పెట్టి, నువ్వులు చల్లి, నీళ్లు చిలకరించింది. పది అడుగులు వెనక్కి నడిచి, అటు తిరిగి నిలబడింది.

"పడవ బాగు చేయించానురా," అంది ఎదురుగా ఉన్న ఖాళీతో. "కొమ్మ వాళ్లమ్మకు చీర పెట్టాను. తీసుకోలేదు. గుమ్మంలో పెట్టి వచ్చాను." కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఊళ్లో అనేవాళ్లు అంటున్నారు. నేను అనను. ఇంకేం కావాలో నాకు తెలియడం లేదు చెన్నా. తిను."

కాకులు ముద్దవైపు చూడటం లేదు. అన్నీ మెడలు వంచి చెన్నుడివైపే చూస్తున్నాయి.

వాడు వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. తన పిండం తన ఎదురుగా ఉంది. చెయ్యి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. అన్నం తినే అర్హత గురించి నాలుగు నెలలుగా వాడి లోపల ఒకడు చెప్పే మాటలన్నీ మళ్లీ మొదలయ్యాయి. వాడు అవన్నీ విన్నాడు. కాదనలేదు. అంతా విన్నాక, ఏటి నీళ్లలో ముసలాయన వంగినట్టు కొంచెం వంగి, ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగాడు:

"ఆకలేస్తోందా నాయనా?"

వేస్తోంది.

ఒక కబళం పెట్టుకున్నాడు. గొంతు దిగలేదు. మెల్లగా దించాడు. రెండోది, మూడోది. మూడో ముద్దకి అలవాటుగా లేవబోయాడు. లేవలేదు. నాలుగోది తిన్నాడు. చివరి పిడికెడు విస్తట్లో వదిలి పక్కకి జరిగాడు. అప్పుడు చెట్టు మీంచి ఒక కాకి దిగి, మిగిలిన మెతుకుల్ని ముక్కుతో పొడిచింది.

అమ్మ వీపు బిగుసుకుంది. ఆమెకు రెక్కల చప్పుడు ఇప్పుడే వినబడింది. దానికి ముందే నమిలే చప్పుడు వినబడింది. కాకులు నమలవు.

తిరగకుండానే అడిగింది.

"చప్పగా ఉందా?"

వాడు ఖాళీ విస్తరివైపు చూశాడు.

"ఉప్పు వేయనివ్వలేదురా వాళ్లు. పిండానికి వేయకూడదట."

"బాగానే ఉందమ్మా."

ఆమె చేతులు రెండూ కొంగును గట్టిగా పట్టుకున్నాయి.

"తిరగనా చెన్నా? తిరిగితే పోతావా?"

చెన్నుడు తలవంచి తన కాళ్లు చూసుకున్నాడు. ముందుకే ఉన్నాయి.

"తిరుగమ్మా," అన్నాడు.